హంబకర్ కొనే ముందు కిలోఓమ్‌లను కాసేపు పక్కన పెట్టండి

ఎలక్ట్రిక్ గిటార్‌కు కొత్త పికప్‌లు, అంటే స్ట్రింగ్ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు, వేయించాలనుకునే వారిలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని కిలోఓమ్‌లు?" పికప్‌లోని తీగ నిరోధాన్ని చెప్పే అంకె అది. ఎనిమిది అంటే నెమ్మదైన పికప్ అనీ, పదహారు అంటే ఉరిమే పికప్ అనీ ఆ ఒక్క అంకెతోనే తీర్పు చెప్పేస్తారు. అమ్మేవారు ఇచ్చే వివరాలలో అదే అంకె అన్నిటికంటే పైన కనిపిస్తుంది. మల్టీమీటర్ ఉన్న ఎవరైనా దానిని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. అందువల్లనే దానికి అంత పలుకుబడి వచ్చింది. గిబ్సన్ సంస్థ లెస్ పాల్ నమూనాలో తయారైన నా గిటార్‌కు కొత్త హంబకర్లు, అంటే రెండు తీగచుట్టలతో రొదను రద్దు చేసే పికప్‌లు, ఎంచుకోవడం కోసం ఈ మధ్య చాలా చదివాను, కొన్నిటిని కొలిచాను, మిత్రుల గిటార్లను శ్రద్ధగా విన్నాను. వాటన్నిటి తరువాత నాలో స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, హంబకర్ ఒంటరిగా మోగే వస్తువు కాదు. దానిలోని రాగి చుట్లు, అయస్కాంతం, గిటార్ లోపలి పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే, తిప్పితే మారే నిరోధాలు), ఆంప్లిఫయర్ దాకా వెళ్ళే కేబుల్ అన్నీ కలిసి ఒకే విద్యుత్ వలయం. ఆ వలయాన్నంతా చూసి ఎంచుకున్నప్పుడే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం దక్కుతుంది.

ముందు నా అవసరం చెబుతాను, ఎందుకంటే అవసరం తేల్చుకోకుండా పికప్‌ల జాబితాలు చదవడం వల్ల అయోమయం పెరగడమే తప్ప ఒరిగేది ఉండదు. నా గిటార్‌ది మహోగని శరీరం, పైన మేపుల్ పలక, స్కేల్ పొడవు 628 మిల్లీమీటర్లు. నెక్ పికప్‌తో, అంటే గిటార్ మెడ వైపు ఉన్న పికప్‌తో, మందపాటి స్ట్రింగ్స్ మీద కార్డ్‌లు వాయిస్తే స్వరాలు విడివిడిగా తెలియకుండా ముద్దగా కలిసిపోయేవి. స్ట్రింగ్స్ అడుగు కొస ఆనే బ్రిడ్జ్ వైపున్న పికప్ డిస్టార్షన్‌లో (ధ్వనిని కావాలని చిట్లించి గరుకుగా చేసినప్పుడు) ఫరవాలేదు గానీ, గిటార్ మీది వాల్యూమ్‌ను కాస్త తగ్గించగానే ధ్వనిలోని మెరుపంతా పోయి మొద్దుబారేది. నేను వాయించేది ఎక్కువగా బ్లూస్, 1970ల నాటి రాక్. తీరిక దొరికినప్పుడు మన రాగాలను గమకాలతో పలికించే ప్రయత్నం కూడా చేస్తుంటాను. ఈ మూడింటికీ కావలసింది ఒక్కటే: స్వరం మొదలైన క్షణం స్పష్టంగా వినబడాలి, ఆ తరువాత అది నిదానంగా కరగాలి. అంటే నాకు కావలసింది మరింత బలమైన పికప్ కాదు, మరింత స్పష్టమైన పికప్.

హంబకర్ పుట్టుకను కొంచెం చెప్పుకుంటే మిగతా విషయం సులువవుతుంది. ఒకే తీగచుట్ట (కాయిల్) ఉన్న సింగిల్ కాయిల్ పికప్ స్ట్రింగ్ కంపనాన్నే కాకుండా చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబ్‌లైట్ల చోకులు వెదజల్లే అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకుంటుంది. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్ కనుక ఆ రొద 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర గుమ్మని వినిపిస్తుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన ఇంజనీరు సెత్ లవర్ రెండు కాయిల్స్‌ను పక్కపక్కన పెట్టి, ఒకదానికి ఎదురు దిశలో చుట్లనూ ఎదురు ధ్రువాన్నీ ఇచ్చాడు. బయటి రొద రెండు కాయిల్స్‌లోనూ పరస్పర వ్యతిరేకంగా పుట్టి రద్దవుతుంది. స్ట్రింగ్ ఇచ్చే సంకేతానికి చుట్టు దిశ, ధ్రువం రెండూ తిరగబడ్డాయి కాబట్టి అది రెండింటిలోనూ ఒకే వైపు పుట్టి కూడుకుంటుంది. ఈ ఆలోచనకు 1955 జూన్ 22న పేటెంట్ దరఖాస్తు పడింది, 1959 జూలై 28న పేటెంట్ మంజూరైంది. ఇదే కాలంలో రే బట్స్ అనే ఆయన గ్రెచ్ గిటార్ల కోసం ఇదే సూత్రంతో ఫిల్టర్‌ట్రాన్ పికప్‌ను రూపొందించాడు. గిబ్సన్ 1957లో తన హంబకర్లను లెస్ పాల్ గిటార్లలో అమర్చడం మొదలుపెట్టినప్పుడు పేటెంట్ ఇంకా చేతికి రాలేదు. అందుకే వాటి అడుగున "పేటెంట్‌కు దరఖాస్తు చేయబడింది" అనే అర్థం వచ్చే ఆంగ్ల చీటీ అంటించేవారు. ఆ చీటీ మాటల పొడి అక్షరాలే నేడు గిటార్ లోకమంతా భక్తిగా పలికే "పీఏఎఫ్".

ఆనాటి పీఏఎఫ్‌లన్నీ ఒకేలా మోగేవి కావు. సుమారు ఐదు వేల చుట్లు ఒక్కో కాయిల్‌కు ఉండాలన్నది ఉద్దేశం. కానీ నిర్ణీత సంఖ్య రాగానే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఆనాటి చుట్టే యంత్రాలన్నిటికీ ఉండేది కాదు. కనుక ఒక కాయిల్‌లో చుట్లు ఎక్కువగా, రెండో దానిలో తక్కువగా పడేవి. అయస్కాంతాలు కూడా చేతికి అందిన ఆల్నికో రకాన్ని బట్టి 2, 3, 4, 5 సంఖ్యలవి మారుతూ వచ్చాయి. కాబట్టి "అసలైన పీఏఎఫ్ ధ్వని" అంటూ ఎవరైనా ఒకే ఒక ధ్వనిని చూపిస్తే నేను ఒప్పుకోను. నిరోధం 7 నుంచి 9 కిలోఓమ్‌ల మధ్య అటూ ఇటూ తిరిగే ఒక కుటుంబం అది. కాయిల్స్ మధ్య ఉన్న ఆ చిన్న తేడా వల్ల రొద పూర్తిగా రద్దు కాదు. అయితే పైస్థాయి ధ్వనిలో కాస్త గాలి ఆడినట్టు ఉంటుంది. నేటి తయారీదారులు ఆ తేడాను కావాలనే చుట్టి అమ్ముతున్నారు.

ఇక కిలోఓమ్‌ల సంగతి. మల్టీమీటర్ చూపించేది రాగి తీగ మొత్తం నిరోధాన్ని మాత్రమే. అది తీగ పొడవు మీద ఎంత ఆధారపడుతుందో, తీగ మందం మీద కూడా అంతే ఆధారపడుతుంది. పీఏఎఫ్ తరహా పికప్‌లలో వాడే 42 నంబరు తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. ఎక్కువ చుట్లు ఇరికించడానికి కొన్ని బలమైన పికప్‌లలో వాడే 44 నంబరు తీగ మందం 0.050 మిల్లీమీటర్లు. 8 కిలోఓమ్‌లు వచ్చేలా 42 నంబరుతో చుట్టినన్ని చుట్లే 44 నంబరుతో చుడితే కొలత 12 కిలోఓమ్‌ల దాకా పోతుంది, కానీ చుట్ల సంఖ్య పెరగలేదు కనుక పికప్ బలం దాదాపు అంతే ఉంటుంది. సేమూర్ డంకన్ సంస్థ చేసే జేబీ పికప్ 16 కిలోఓమ్‌లు దాటుతుంది. డిమార్జియో సంస్థ సూపర్ డిస్టార్షన్ పికప్ 14 కిలోఓమ్‌ల లోపే ఉంటుంది. అయినా సూపర్ డిస్టార్షన్‌ను ఎవరూ మెతక పికప్ అనరు. అంకె చిన్నదైనంత మాత్రాన బలం తగ్గదు.

దీనికి మన ఎండలు కూడా తోడవుతాయి. రాగి నిరోధం ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల చల్లని గదిలో సరిగ్గా 8 కిలోఓమ్‌లు చూపిన పికప్, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలున్న గదిలో 8.6 చూపిస్తుంది. తయారీదారు చెప్పిన అంకెకూ తాము కొలిచిన అంకెకూ తేడా వచ్చిందని నకిలీ సరుకేమోనని కంగారుపడే వారు ముందుగా గదిలో ఎండ ఎంత ఉందో చూసుకోవడం మంచిది. నిరోధాన్ని కొలవడం వల్ల నిజమైన ఉపయోగం ఉన్నది వేరే చోట: కాయిల్ తెగిపోయిందా లేదా, రెండు కాయిల్స్ దాదాపు సమానంగా ఉన్నాయా, వైర్లలో ఏది ఏ కాయిల్‌కు చెందినది అన్న సంగతులు అది కచ్చితంగా చెబుతుంది.

ధ్వని స్వభావం గురించి ఎక్కువ చెప్పేది ఇండక్టెన్స్. దీనిని హెన్రీలలో కొలుస్తారు. పీఏఎఫ్ తరహా హంబకర్‌కు ఇది సుమారు 4 నుంచి 4.5 హెన్రీలు ఉంటుంది. బాగా ఎక్కువ చుట్లున్న పికప్‌లో 8 హెన్రీల దాకా వెళుతుంది. ఈ ఇండక్టెన్స్, పికప్‌లోనూ కేబుల్‌లోనూ ఉండే కెపాసిటెన్స్ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర అనునాదం చెందుతాయి. ఊయలను దాని లయకు తగినట్టు ఊపితే చిన్న తోపుకే ఎత్తుకు ఎగసినట్టు, ఆ పౌనఃపున్యం దగ్గర పికప్ సంకేతం ఉబికి వస్తుంది, దాన్ని దాటాక వేగంగా పడిపోతుంది. ఆ ఉబుకు ఎక్కడ ఉందన్నదే పికప్ "మెరుస్తుందా, ముక్కుతో పలుకుతుందా, మూసుకుపోయిందా" అని మనం చెప్పే మాటలకు అసలు ఆధారం.

లెక్క వేసి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. సాధారణ గిటార్ కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారాడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఆరు మీటర్ల కేబుల్, పికప్ సొంత కెపాసిటెన్స్ కలిపి 700 పికోఫారాడ్‌లు అనుకుంటే, 4.4 హెన్రీల పికప్ సుమారు 2,900 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది. 8 హెన్రీల పికప్ 2,100 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అదే 8 హెన్రీల పికప్‌కు మూడు మీటర్ల కేబుల్ తగిలిస్తే అనునాదం 2,800 హెర్ట్జ్ దాకా లేస్తుంది. అంటే పొడవాటి కేబుల్‌తో వాయించే పీఏఎఫ్ తరహా పికప్ ఎక్కడ మెరుస్తుందో, పొట్టి కేబుల్‌తో వాయించే బలమైన పికప్ కూడా దాదాపు అక్కడే మెరుస్తుంది. ఈ లెక్క చూసిన తరువాత, కేబుల్ మార్చి వినకుండా పికప్ మార్చే నిర్ణయం తీసుకోవడం తొందరపాటని నాకు అనిపించింది. మనిషి చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే సునిశితత్వం ఎక్కువ కనుక ఈ కొద్దిపాటి జరుగుళ్ళు బాగా వినిపిస్తాయి.

పాట్ల పాత్ర కూడా ఇక్కడే ఉంది. హంబకర్లకు 500 కిలోఓమ్‌ల పాట్లు, సింగిల్ కాయిల్స్‌కు 250 కిలోఓమ్‌ల పాట్లు వాడటం ఆనవాయితీ. పాట్ విలువ తగ్గే కొద్దీ అనునాదపు ఉబుకు అణిగిపోతుంది. జేబీ వంటి పికప్ పై మధ్యస్థాయిలో మరీ గుచ్చుతున్నట్టు ఉంటే కొందరు కావాలనే 250 కిలోఓమ్‌ల పాట్ వేసి దాన్ని మచ్చిక చేసుకుంటారు. పాట్ల మీద రాసిన విలువను కూడా నమ్మలేము. 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే కనుక 500 అని రాసినది 400 కావచ్చు, 600 కావచ్చు. నా గిటార్‌లోని వాల్యూమ్ పాట్లను విప్పి కొలిచినప్పుడు అవి 300 కిలోఓమ్‌లకు కూడా చేరలేదు. నెక్ పికప్ ముద్దగా పలకడానికి సగం కారణం అక్కడే దొరికింది.

వాల్యూమ్ తగ్గించగానే మెరుపు పోవడానికి కూడా పికప్‌ను నిందించకూడదు. పాట్‌ను తిప్పినప్పుడు పికప్‌కూ కేబుల్‌కూ మధ్య అదనపు నిరోధం వచ్చి చేరుతుంది. ఆ నిరోధం, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి పైస్థాయి ధ్వనిని వడకట్టేస్తాయి. వాల్యూమ్ పాట్‌లో పికప్ సంకేతం వచ్చే కొసకూ, అది బయటికి వెళ్ళే మధ్య కాలికీ నడుమ 680 పికోఫారాడ్‌ల నుంచి 1 నానోఫారాడ్ దాకా విలువ గల చిన్న కెపాసిటర్‌నూ, దానికి తోడుగా 150 కిలోఓమ్‌ల నిరోధాన్నీ అమర్చితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. వీటిని కోఠీలోని ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా నామమాత్రపు ధరకు కొనవచ్చు. ఇంతకంటే ఖర్చులేని పని పికప్ ఎత్తు సరిచేయడం. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్‌ను నొక్కి పట్టి, స్ట్రింగ్ అడుగుకూ పికప్‌లో దాని కింద ఉన్న స్క్రూకూ మధ్య దూరం చూడాలి. బ్రిడ్జ్ వైపు 1.6, నెక్ వైపు 2.4 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోవాలి. నెక్ పికప్‌ను దించి, దాని స్క్రూలను మాత్రం కొంచెం పైకి తిప్పితే స్పష్టత పెరగడం చాలా గిటార్లలో వినిపిస్తుంది. ఇవన్నీ చేశాక కూడా అసంతృప్తి మిగిలితేనే పికప్ కొనడంలో న్యాయం ఉంది. నా విషయంలో బ్రిడ్జ్ సమస్య చాలావరకు తీరింది, నెక్ సమస్య తగ్గింది గానీ పోలేదు.

అయస్కాంతాల విషయంలో నేను విన్న మాటల్లో అతిశయోక్తి కొంత, నిజం కొంత ఉన్నాయి. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌లను ఇనుముతో కలిపిన మిశ్రమం. పక్కనున్న సంఖ్యను చూసి బలం వరుసగా పెరుగుతుందనుకోకూడదు. ఆల్నికో 3లో కోబాల్ట్ ఉండదు, అది ఆల్నికో 2 కంటే కూడా బలహీనం. ఆల్నికో 5 వీటన్నిటికంటే బలమైనది. దానితో మంద్రస్థాయి బిగుతుగా, స్వరం మొదలు పదునుగా వస్తాయి. ఆల్నికో 2తో ఆ పదును కొంచెం గుండ్రబడి, స్వరం మెత్తగా విచ్చుకుంటుంది. సిరామిక్ అయస్కాంతం ఇంకా బలమైనది. హెచ్చు డిస్టార్షన్‌లో కూడా చేతి కదలిక ప్రతిదీ గట్టిగా తగులుతుంది. హంబకర్‌లో అయస్కాంతం కాయిల్స్ కింద పడుకున్న ఒక చిన్న పట్టీ మాత్రమే. అడుగు పలక స్క్రూలు వదులు చేసి దాన్ని పక్కకు జరిపి తీసి, ధ్రువాలు తారుమారు కాకుండా మరొకటి దూర్చవచ్చు. ఓపిక ఉన్నవారికి కొత్త పికప్ కంటే చాలా చవకలో అయ్యే ప్రయోగం ఇది.

అవుట్‌పుట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం 1970లలో పుట్టింది, అప్పట్లో దానికి బలమైన కారణం ఉంది. ఆనాటి ట్యూబ్ ఆంప్లిఫయర్లలో గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే శక్తి, తక్కువ. వాటి మొదటి దశను ఉక్కిరిబిక్కిరి చేసి డిస్టార్షన్ రాబట్టాలంటే పికప్ నుంచే పెద్ద సంకేతం రావాలి. లారీ డిమార్జియో 1972లో సిరామిక్ అయస్కాంతంతో చేసిన సూపర్ డిస్టార్షన్ ఆ అవసరాన్ని తీర్చింది. గిటార్‌తో వచ్చిన పికప్ తీసేసి వేరే సంస్థ పికప్ వేసుకునే వ్యాపారమే దానితో మొదలైందని చెప్పవచ్చు. కిస్ బృందంలోని ఏస్ ఫ్రేలీ దానిని ఊరూరా వినిపించాడు. నేడు పరిస్థితి అది కాదు. చవకైన పెడల్‌లో కూడా అవసరానికి మించిన గెయిన్ ఉంది. అపార్ట్‌మెంట్‌లలో ఉండే మనలో చాలామంది ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్‌లోని ఆంప్ నమూనాలతో వాయిస్తున్నాము. అక్కడ మరీ బలమైన పికప్ ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌ను దాటిపోయి అసహ్యంగా చిట్లుతుంది. తక్కువ అవుట్‌పుట్‌తో గట్టి రాక్ రాదనే వారికి స్లాష్ ఒక్కడే సమాధానం: గన్స్ ఎన్ రోజెస్ 1987 నాటి తొలి ఆల్బమ్‌లో అతని చేతిలో ఉన్నది లెస్ పాల్‌కు నకలుగా చేసిన గిటార్, అందులో ఉన్నవి ఆల్నికో 2 అయస్కాంతాలతో, 8 కిలోఓమ్‌ల లోపు నిరోధంతో సేమూర్ డంకన్ చుట్టిన పికప్‌లు. ఆ ధ్వనిని బలహీనమని అన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంటర్‌ఫేస్ గురించి ఒక మాట. గిటార్‌ను తప్పనిసరిగా "ఇన్‌స్ట్రుమెంట్" ఇన్‌పుట్‌కే తగిలించాలి. అక్కడ ఇంపీడెన్స్ సుమారు 1 మెగాఓమ్ ఉంటుంది. పదివేల ఓమ్‌ల చుట్టూ ఉండే లైన్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే ఎంత ఖరీదైన హంబకర్ అయినా మూగబోతుంది.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ హంబకర్ల దారి వేరు. ఈఎంజీ 81 వంటివాటిలో తక్కువ చుట్లున్న కాయిల్స్, వాటి వెంటనే ఒక చిన్న ప్రీఆంప్ ఉంటాయి. దానివల్ల కేబుల్ పొడవు ప్రభావం దాదాపు ఉండదు, రొద చాలా తక్కువ, హెచ్చు గెయిన్‌లో ప్రతి స్వరం కోసినట్టు తేటగా ఉంటుంది. మెటాలికా వాద్యకారులు వాటినే నమ్ముకోవడంలో ఆశ్చర్యం లేదు. వాటికి 25 కిలోఓమ్‌ల పాట్లు, 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి. మెటల్ వాయించే మిత్రులకు నేను వాటిని సంతోషంగా సూచిస్తాను. వాల్యూమ్ నాబ్‌తో డిస్టార్షన్‌ను పెంచుతూ తగ్గిస్తూ వాయించే నాలాంటి వారికి మాత్రం మామూలు పికప్ చేతికి ఎక్కువ లొంగుతుంది.

డబ్బు కట్టే ముందు కొలతలు చూసుకోవాలి, ఎందుకంటే విదేశం నుంచి తెప్పించుకున్న పికప్‌ను తిరిగి పంపడం మనకు తేలిక కాదు. గిబ్సన్ తరహా గిటార్లలో ఒకటో స్ట్రింగ్ స్క్రూ నుంచి ఆరో స్ట్రింగ్ స్క్రూకు దూరం సుమారు 50 మిల్లీమీటర్లు. ఫెండర్ తరహా ట్రెమోలో బ్రిడ్జ్ ఉన్నవాటికి 51 నుంచి 53 మిల్లీమీటర్ల వెడల్పు పికప్‌లు దొరుకుతాయి. నెక్ స్థానంలో స్ట్రింగ్స్ దగ్గరగా ఉంటాయి కనుక అక్కడ ఇరుకు రకమే సరిపోతుంది. పికప్ కాళ్ళలో పొట్టివి, పొడవువి అని రెండు రకాలున్నాయి; పొడవు కాళ్ళకు గిటార్‌లోని గుంట లోతు చాలకపోవచ్చు. ఆసియాలో తయారైన గిటార్లలో పాట్ల రంధ్రాలు తరచుగా చిన్నవిగా ఉంటాయి. పెద్ద అమెరికా పాట్లు పెట్టాలంటే రంధ్రాన్ని 9.5 మిల్లీమీటర్లకు పెంచాలి, లెస్ పాల్ మందపాటి పలకకు పొడవాటి కాడ ఉన్న పాట్లే కావాలి.

పికప్ మీది లోహపు కవచం నికెల్ సిల్వర్‌ది అయితే ధ్వనికి పెద్దగా నష్టం లేదు. ఇత్తడి కవచంలో సుడి విద్యుత్ ప్రవాహాలు ఎక్కువగా పుట్టి పైస్థాయిని తినేస్తాయి. కాయిల్స్‌ను మైనంలో ముంచారా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. ముంచని పికప్ స్పందన ఎక్కువ ప్రాణంతో ఉంటుందని చాలామంది అంటారు, తక్కువ శబ్దంలో నాకూ అది నచ్చింది. కానీ హెచ్చు వాల్యూమ్‌లో ఆంప్ ఎదుట నిలబడితే అది కీచుమని అరుస్తుంది. వేదికల మీద వాయించేవారు మైనం ఉన్నదే తీసుకోవడం మేలు.

నాలుగు వైర్లున్న పికప్ కొంటే ఒక కాయిల్‌ను ఆపడం, రెండు కాయిల్స్‌ను సమాంతరంగా కలపడం వంటి వెసులుబాట్లు పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్ పుల్ పాట్‌తో దొరుకుతాయి. అయితే రంగుల విషయంలో సంస్థల మధ్య ఏకాభిప్రాయం లేదు. సేమూర్ డంకన్‌లో నల్ల వైరు సంకేతాన్ని మోస్తుంది, ఎరుపు, తెలుపు కలిపి చుట్టేయాలి, ఆకుపచ్చ గ్రౌండ్‌కు వెళుతుంది. డిమార్జియోలో సంకేతం ఎరుపులో వస్తుంది, నలుపు, తెలుపు కలపాలి, ఆకుపచ్చ మళ్ళీ గ్రౌండ్‌కే. రెండు సంస్థల పికప్‌లను ఒకే గిటార్‌లో వేస్తే రెండూ కలిపి మోగించినప్పుడు ధ్వని సన్నగా, బోలుగా వచ్చే ప్రమాదం ఉంది. అంటే రెండు సంకేతాలు ఎదురెదురుగా వస్తున్నాయన్నమాట. బ్లూస్ గిటార్ వాద్యకారుడు పీటర్ గ్రీన్ లెస్ పాల్‌లో నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల వచ్చిన ఆ ధ్వనికి ప్రత్యేక అభిమానులున్నారు గానీ, అది కోరుకున్నప్పుడే అందం. టంకం పెట్టే ముందే పరీక్షించవచ్చు: పికప్ వైర్లను మల్టీమీటర్‌కు తగిలించి, నిరోధం చూపిస్తుండగా ఇనుప స్క్రూడ్రైవర్‌ను కాయిల్ మీద ఆనించాలి. అంకె ఒక క్షణం పైకి గాని కిందికి గాని ఎగురుతుంది. రెండు పికప్‌లలోనూ ఒకే వైపు ఎగిరితే సరిపోయినట్టే.

ఇక నా ఎంపిక. నెక్ స్థానానికి సేమూర్ డంకన్ జాజ్ తీసుకున్నాను. ఆల్నికో 5 అయస్కాంతం, నిరోధం ఎనిమిదికి లోపే, మంద్రస్థాయి ఉబ్బిపోకుండా బిగుతుగా ఉంటుంది. మహోగని శరీరమున్న గిటార్‌లో నెక్ దగ్గర నాకు కావలసింది సరిగ్గా అదే. బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్ కంపన విస్తారం తక్కువ కనుక అక్కడి పికప్‌లో చుట్లు కొంచెం ఎక్కువగా ఉండటం అవసరం. అక్కడ అదే సంస్థ చేసే పర్లీ గేట్స్ వేయించాను. జెడ్‌జెడ్ టాప్ బృందపు బిల్లీ గిబ్బన్స్ తన 1959 లెస్ పాల్‌కు పెట్టుకున్న పేరు అది, ఆ గిటార్‌లోని పికప్ ఆధారంగానే దీన్ని రూపొందించారు. ఆల్నికో 2 ఉండటం వల్ల బ్రిడ్జ్ స్థానపు పదును చెవిని కోయదు, అయినా పైస్థాయి తెరుచుకునే ఉంటుంది. రెండూ ఒకే సంస్థవి కనుక వైర్ల రంగుల గొడవ కూడా లేకపోయింది. కొత్త పాట్లను నాలుగూ కొలిచి, 500కు పైన చూపినవాటిని వాల్యూమ్‌లకు, కొంచెం తక్కువ చూపినవాటిని టోన్‌లకు కేటాయించాను. టోన్ కెపాసిటర్ మామూలు 0.022 మైక్రోఫారాడ్‌దే, నాబ్ పూర్తిగా తెరిచి ఉన్నంతసేపు దాని ప్రభావం అతి స్వల్పం కనుక పాతకాలపు ఖరీదైన కెపాసిటర్ల మీద డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఇప్పుడు నెక్ పికప్ మీద ఆరో స్ట్రింగ్ నుంచి కార్డ్ వాయిస్తే అందులోని స్వరాలను వేరువేరుగా లెక్కపెట్టవచ్చు. గమకంలో వేలు జారినప్పుడు మధ్యలోని అనుస్వరాలు కూడా చెవికి అందుతున్నాయి. బ్రిడ్జ్ వాల్యూమ్‌ను సగానికి తగ్గిస్తే డిస్టార్షన్ విడిపోయి శుభ్రమైన ధ్వని వస్తోంది, మెరుపు అలాగే నిలుస్తోంది. తేడాను పక్షపాతం లేకుండా వినడానికి మార్చక ముందూ మార్చిన తరువాతా ఒకే వరుసను, ఒకే కేబుల్‌తో, ఇంటర్‌ఫేస్‌లో ఏ ఎఫెక్టూ లేకుండా రికార్డు చేసి పెట్టుకున్నాను. జ్ఞాపకం మీద ఆధారపడి ధ్వనులను పోల్చడం కంటే ఇది ఎంతో నమ్మదగినది, పికప్ మార్చే ప్రతివారూ ఈ పని చేయాలని కోరుతాను. కొత్త స్ట్రింగ్స్ వేసిన రోజునే ఈ రెండో రికార్డింగ్ చేయకండి, స్ట్రింగ్స్ కొత్తదనం వల్ల వచ్చిన మెరుపు పికప్ ఖాతాలో పడిపోతుంది. తీసేసిన పాత పికప్‌ల వైర్లను కత్తిరించకుండా, టంకం కరిగించి పూర్తి పొడవుతో విడదీసి, ఏది నెక్‌దో ఏది బ్రిడ్జ్‌దో రాసి దాచి ఉంచండి. గిటార్‌ను ఎప్పుడైనా అమ్మవలసి వస్తే కొనేవారు మొదట వాటినే అడుగుతారు.